కుడి రెక్క లేని చేప

మస్కీ, పైక్ అనే చేపలు చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండిటిదీ పొడవాటి ఒళ్ళు, బాతు ముక్కులాంటి మూతి, నోటి నిండా పళ్ళు. పైక్ ఒళ్ళు ముదురు రంగు, దాని మీద లేత చుక్కలు. మస్కీ ఒళ్ళు లేత రంగు, దాని మీద ముదురు చారలు. పైక్ తోక కొసలు గుండ్రంగా, మస్కీవి వాడిగా ఉంటాయి. పెద్ద చేపలైతే ఈ మాత్రం చాలు. చిన్నవాటిలో, మబ్బు పట్టినప్పుడు, నాచు నీళ్ళలో రంగును నమ్మడానికి లేదు. మా నాన్న ఏ చేపనైనా వెల్లకిలా తిప్పి దవడ కింద చూసేవాడు. అక్కడ సూదితో పొడిచినట్టు బెజ్జాలుంటాయి. ఒక్కో పక్క ఐదో అంతకంటే తక్కువో ఉంటే పైక్. ఆరో ఆపైనో ఉంటే మస్కీ. నాకు అక్షరాల కంటే ముందు ఈ బెజ్జాలు చదవడం వచ్చింది.

గుణంలో మాత్రం పోలికే లేదు. పైక్ ఏది కదిలినా నోట్లో వేసుకుంటుంది. గాలం విసరడం రానివాడికి కూడా దొరుకుతుంది. మస్కీ ఎర వెనకాలే పడవ దాకా వస్తుంది. ఆగి చూస్తుంది. అప్పుడు గాలం కర్ర కొస నీళ్ళలో ముంచి ఎరతో ఎనిమిది అంకె గీస్తూ ఉండాలి. ఒక్కోసారి పట్టుకుంటుంది. ఎక్కువసార్లు మన మొహం చూసి వెళ్ళిపోతుంది. దానికోసం వారమంతా గాలం విసిరి, ఉత్త చేతులతో ఇంటికి పోయి, మరుసటి ఏడు అదే వారానికి మళ్ళీ వచ్చేవాళ్ళుంటారు. నేను పడవలో ఎక్కించుకుని తిప్పింది అలాంటివాళ్ళనే.

పెద్ద నీళ్ళలో ఈ రెండూ కలిసి బతుకుతాయి. మా సరస్సు చిన్నది. పేరు మిట్టెన్. చలికాలం వేసుకునే చేతితొడుగు ఆకారంలో ఉంటుంది, బొటనవేలు పక్కకి విడిగా. ఆ బొటనవేలు పాయలో నీళ్ళు మోకాలి లోతు, అడుగున మెత్తటి నాచు. మస్కీలు గుడ్లు పెట్టేది అక్కడే. పైక్‌కి కూడా అలాంటి చోటే కావాలి. కాకపోతే పైక్ గడ్డకట్టిన నీళ్ళు విడీ విడకుండానే వచ్చి గుడ్లు పెట్టి పోతుంది. మస్కీ నీళ్ళు కాస్త వేడెక్కాక వస్తుంది. మస్కీ పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చేసరికి పైక్ పిల్లలు వేలెడంత అయి ఆకలితో అక్కడే తిరుగుతుంటాయి. ఇంక చెప్పేదేముంది.

మా సరస్సులో పైక్ ఎన్నడూ లేదు. కింద నదిలో కావలసినన్ని ఉన్నాయి. సరస్సులోంచి నదికి పోయే వాగు రాళ్ళ మీంచి నిలువునా దూకుతుంది కాబట్టి కిందివి పైకి ఎక్కలేవు. అమెరికాలో ఈ విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన చుట్టుపక్కల సరస్సులన్నీ ఒక్కొక్కటిగా పైక్ పాలయ్యాయి. మిట్టెన్ మిగిలింది.

నా చెల్లెలు హిల్మా భర్త పేరు కాజ్. కాగితం మిల్లు ఊరి నుంచి వచ్చిన పోలిష్ కుర్రాడు. మేము ఫిన్‌లాండ్ వాళ్ళం. అతను కాథలిక్, చర్చిలో మోకాళ్ళ మీద కూర్చునే రకమని మా నాన్నకి ఇష్టం లేదు. ఒక శనివారం అతన్ని మా ఆవిరి స్నానాల గదిలోకి పిలిచాడు. మాలో ఆవిరి గదికి ఒక మర్యాద ఉంది. అక్కడ గట్టిగా మాట్లాడరు, తిట్టుకోరు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెప్పడం ఇష్టం లేకపోతే లేచి బయటికి పోవాలి. అబద్ధం మాత్రం చెప్పకూడదు. నాన్న వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లి, తాగుతావా అని కాజ్‌ని అడిగాడు. ఎవరైనా పోస్తే తాగుతానండి అన్నాడు కాజ్. నాన్న నవ్వి పిల్లనిచ్చాడు.

ఆ తర్వాత కాజ్, నేను ఒకే రేవు నుంచి పడవలు నడిపాం. హిల్మా ఒడ్డున కాటేజీలు చూసుకునేది. వచ్చినవాళ్ళకి వండి పెట్టేది. నాకు పెళ్ళి లేదు. ఆదివారాలు వాళ్ళ బల్ల దగ్గరే తినేవాణ్ణి. కాజ్ మాటకారి. వచ్చినవాళ్ళు నా పడవలో నిశ్శబ్దంగా, అతని పడవలో నవ్వుతూ తిరిగేవాళ్ళు. నేను మస్కీలాంటివాణ్ణని, ఒడ్డు దాకా వచ్చి మొహం చూసి వెళ్ళిపోతానని అనేవాడు. మరి నువ్వేమిటని అడిగితే హిల్మా చెప్పేది, అన్నం బల్ల దగ్గర చూడండి, తెలుస్తుంది అని.

మా ఇద్దరికీ ఒక అలవాటు ఉండేది. మస్కీని పట్టి వదిలిపెట్టేటప్పుడు పొట్ట కింద జంట రెక్కల్లో ఒకటి మొదలంటా కోసేవాళ్ళం. అంత మొదలుకి కోస్తే మళ్ళీ మొలవదు. చేపకి పెద్దగా బాధ లేదు. నేను కోసేది ఎడమది, కాజ్ కోసేది కుడిది. మళ్ళీ ఎప్పుడైనా దొరికితే ఇది ఎవరి చేతిలోంచి వెళ్ళిందో తెలుస్తుంది. ఎవరినీ అడిగి మొదలుపెట్టింది కాదు. బెర్నిస్ బార్‌లో కూర్చునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఎడమ, కుడి మీద పందేలు కాసుకునేవాళ్ళు. చివరికి ఎలా తయారయిందంటే, నీళ్ళలోకి చేపని దించుతుంటే మా చేతులు వాటంతటవే మొలలోని కత్తి మీదికి పోయేవి.

ఒక చలికాలం చివర, శనివారం ఆవిరి గదిలో కాజ్ నా పక్కన కూర్చుని రాళ్ళ మీద నీళ్ళు చల్లాడు. తర్వాత అడిగాడు.

"బావా, మస్కీలు గుడ్లు ఎక్కడ పెడతాయి? మీ నాన్న నీకు చూపించాడంట కదా."

నాన్న ఆ చోటు నాకొక్కడికే చూపించాడు. హిల్మాకి కూడా చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. లేచి బయటికి పోదామనుకున్నాను. కానీ అతను నా చెల్లెలి భర్త. రేపు నేను లేకపోతే ఆ చోటు తెలిసిన మనిషి ఉండడు. అడిగింది ఆవిరిలో. చెప్పాను. మే నెలలో పడవలో తీసుకెళ్ళి చూపించాను కూడా. రెండు పెద్ద చేపలు పక్కపక్కన ఆనుకుని, వీపులు నీళ్ళ పైకి తేలి, మెల్లగా కదులుతున్నాయి. కాజ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాటి వైపు అలా చూస్తూ, అమ్మా, ఎంత నెమ్మది అన్నాడు. ఆ టోపీ తీయడం నాకు బాగా గుర్తు.

అది జరిగిన మూడో వేసవిలో బొటనవేలు పాయ మొదట్లో, ఎర చేపల కోసం చిన్న గాలం వేస్తే మూరెడు కూడా లేని చేప ఒకటి పడింది. ఎర అలా నీళ్ళలో పడిందో లేదో మింగేసింది. మస్కీ పిల్ల అనుకుని తిప్పాను. దవడ కింద ఒక పక్క ఐదు, రెండో పక్క ఐదు. మళ్ళీ చూశాను. మబ్బుగా ఉంది. బకెట్లో నీళ్ళు పోసి చేపను అందులో వేసి, తిన్నగా కాజ్ దగ్గరికి తెడ్లు వేశాను. ఆ సరస్సులో ఏం జరిగినా నేను మొదట చెప్పేది అతనికే.

కాజ్ రేవులో పడవకి రంగు వేస్తున్నాడు. చేపను బకెట్లోంచి తీసి తిరగేశాడు. ఎక్కువసేపు చూడలేదు.

"ఇది మస్కీ పిల్ల, బావా. నీ కళ్ళజోడు ఏ దుప్పి కొమ్ముకి తగిలించి వచ్చావు?"

ఐదే ఉన్నాయన్నాను. ఆరున్నాయి, ఆరోది చిన్నది, పిల్లల్లో సరిగా కనిపించదు అన్నాడు. అంటూనే దాన్ని రేవు చివర నీళ్ళలోకి జారవిడిచాడు. నేను వద్దనేలోపే తోక ఊపి వెళ్ళిపోయింది. అతను మళ్ళీ రంగు బ్రష్ తీసుకున్నాడు.

ఆ శనివారం ఆవిరి గదిలో నేనే అడిగాను. అలా అడగడం నా జన్మలో ఎక్కువసార్లు జరగలేదు.

"కాజ్, అది పైక్ కాదా?"

కాజ్ గరిటెతో నీళ్ళు తీసి రాళ్ళ మీద పోశాడు. ఆవిరి చుయ్యిమంటూ లేచి మా ఇద్దరి మధ్యా నిండింది. ఆవిరి స్నానంలో చేసేట్టే బర్చి చెట్టు ఆకుకొమ్మల కట్టతో వీపు కొట్టుకుంటూ చెప్పాడు.

"మస్కీయే బావా. నువ్వు నిశ్చింతగా ఉండు."

నేను నిశ్చింతగా ఉన్నాను. అప్పటిదాకా నా కళ్ళు చూసింది ఐదు. ఆవిరిలో అతను చెప్పింది ఆరు. ఈ రెండిట్లో ఏది తప్పో తేల్చుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. కళ్ళే తప్పు. ఆవిరి గదిలో అబద్ధం చెప్పడం ఉంటుందని నా ఊహకి అందలేదు. మా వాళ్ళలో ఎవరైనా అలాగే అనుకుని ఉండేవాళ్ళు.

ఈ సంగతి కాజ్ బార్‌లో చెప్పాడు. వేళాకోళంగానే చెప్పాడు. హార్లో అని దుంగల లారీ నడిపి మానేసిన మనిషి ఒకడున్నాడు, ఎప్పుడూ అదే కుర్చీలో ఉంటాడు. నేను లోపలికి రాగానే తన పళ్ళెంలో ఉన్న సాసేజీ ముల్లుతో పైకెత్తాడు.

"వాల్‌ఫ్రిడ్, దవడ కింద చూసి చెప్పవయ్యా. ఇది మస్కీయా, పైకా?"

అందరూ నవ్వారు. బెర్నిస్ నవ్వకుండా నాకు కాఫీ పోసింది. నవ్వకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. అప్పటి నుంచి బార్‌లో ఉడికిన గుడ్డు దగ్గర నుంచి చేతిగుడ్డ దాకా ప్రతిదీ నా ముందుకి తెచ్చి, బెజ్జాలు లెక్కపెట్టమనేవాళ్ళు. నేను కాఫీ తాగి వచ్చేసేవాణ్ణి. నాకూ అనుమానమే కదా.

పట్నంలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుడి కంట్లో పొర మొదలైంది, ఇంకా లేతది, ఇప్పుడేం చేయక్కర్లేదు అన్నాడు. నాకు మొదటి మాటే వినిపించింది. పొర ఉన్నవాడు మనుషుల్ని పడవలో ఎక్కించుకోకూడదు. నీటి కింద బండ కనిపించకపోతే ఎవరి ప్రాణం పోతుందో. ఆ నెలలోనే పని మానేశాను. నేను చెక్కి, రంగులు వేసి, కొక్కేలు తగిలించిన చెక్క ఎరల పెట్టె కాజ్‌కి ఇచ్చాను. దేవదారు చెక్కవి. కొన్ని నాన్న చేతివి. కాజ్ రెండు చేతులతో తీసుకున్నాడు. కాసేపు నా వైపు చూడలేదు. నా మీద జాలి అనుకున్నాను.

"జాగ్రత్తగా చూసుకుంటాలే బావా," అన్నాడు.

నా పడవలో ఎక్కేవాళ్ళందరూ అతని పడవలోకి వెళ్ళారు. వేసవి చివరి వారాల్లో వాళ్ళు వార్తాపత్రికల్లో చుట్టిన చేపలు పట్టుకుని, నవ్వుతూ తిరిగొచ్చేవాళ్ళు. ఒకాయన తన చిన్న కూతురిని భుజాల మీద ఎక్కించుకున్నాడు, ఆ పిల్ల చేతిలో పైక్ ఉంది. కింద నదికి తీసుకెళ్ళానని కాజ్ చెప్పాడు. నదికి పోయే దారంతా ఎర్రమట్టి. అతని ట్రక్కు చక్రాలకి మట్టి లేదు. చూశాను. నా కళ్ళే కదా అనుకుని ఊరుకున్నాను.

అక్టోబరులో నా పడవని చలికాలానికి ఒడ్డుకి లాగుదామని వెళ్ళాను. ముందు చెక్క కింద ఒక ఎర ఇరుక్కుని ఉంది, పెట్టెలో పెట్టడం మర్చిపోయినది. తెల్లపొట్ట, నల్లవీపు. నాన్న చెక్కింది. ఎందుకో దాన్ని ఒక్కసారి నీళ్ళు తాకించాలనిపించింది. పడవ నీళ్ళలోకి తోసి బొటనవేలు పాయ మొదటికి వెళ్ళాను. లార్చి చెట్లు పసుపు రంగుకి తిరిగి, ఆకులు నీళ్ళ మీద సన్నగా తేలుతున్నాయి. గాలి లేదు.

రెండో విసురుకే పట్టింది. ఎర వెంట రాలేదు, చూడలేదు, దూరంలోనే మీద పడి మింగింది. అది మస్కీ పద్ధతి కాదని చేతికి అప్పుడే తెలిసింది. పడవ పక్కకి తెచ్చి చేతివలలోకి తీసుకున్నాను. చేయంత పొడవుంది. ముదురాకుపచ్చ ఒళ్ళు, బియ్యం చల్లినట్టు లేత చుక్కలు. నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు కాబట్టి వెల్లకిలా ఒళ్ళో పెట్టుకుని, దవడ కింద సూది మొన ఒక్కొక్క బెజ్జంలో ఆనిస్తూ లెక్కపెట్టాను. ఐదు. రెండో పక్క నాలుగే ఉన్నాయి.

చేప కొట్టుకోకుండా పొట్ట కింద పట్టుకోబోతే బొటనవేలికి నునుపు తగిలింది. ఎడమ రెక్క ఉంది. కుడి రెక్క ఉండాల్సిన చోట ఎప్పుడో మానిన మొదలు, గుండీలా. దీనికి కళ్ళు అక్కర్లేదు. అలాంటి మొదళ్ళు నా వేలు ఎన్ని తడిమిందో.

పడవలో అలాగే కూర్చున్నాను. పైక్‌ని పట్టినవాడు ఇంటికి తీసుకుపోయి తింటాడు. దాని రెక్క ఎవరూ కోయరు. కాజ్ కోసేది చేపని తన చేతుల్తో నీళ్ళలోకి దించేటప్పుడు. ఈ చేపని అతను ఈ నీళ్ళలోకి దించాడు. దించుతుంటే చేయి అలవాటు కొద్దీ కత్తి మీదికి పోయింది. దాన్ని ఆపాలని అతనికి గుర్తే వచ్చి ఉండదు.

మొదట నాకు కోపం రాలేదు. కళ్ళు బాగున్నాయి అనుకున్నాను. ఆ తర్వాత మిగతాదంతా వచ్చింది. ఆవిరిలో అతను గరిటె ఎత్తడం, రేవులో చేపని జారవిడవడం, నేను ఎరల పెట్టె ఇస్తే నా వైపు చూడకపోవడం. చేప తల మీద చెక్కతో కొట్టి, మొప్పల్లో వేళ్ళు దూర్చి ఒడ్డుకి తెచ్చాను.

బార్‌లో మధ్యాహ్నం తిండివేళ. కాజ్ కిటికీ దగ్గర సూప్ తాగుతున్నాడు. నేను లోపలికి వెళ్ళి చేపను బెర్నిస్ ముందు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాను.

"వాల్‌ఫ్రిడ్, ఇప్పుడే తుడిచానయ్యా," అంది బెర్నిస్.

హార్లో తన కుర్చీలోంచి వంగాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. వేలు కిందికి జరిపి పొట్ట దగ్గర ఆపాడు. కాసేపు అక్కడే ఉంచి, తల తిప్పి కాజ్ వైపు చూశాడు. మిగతావాళ్ళూ చూశారు. ఎవరూ నవ్వలేదు.

కాజ్ చెంచా కింద పెట్టాడు.

"బావా, బయటికి పద. మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు," అన్నాను.

ఎవరో తెచ్చి వేసి ఉంటారు, నేను ఎప్పుడో పట్టి మస్కీ అనుకుని వదిలి ఉంటాను అన్నాడు కాజ్.

హార్లో గడ్డం గోక్కున్నాడు. "అంటే పొర నీ కంట్లో ఉందన్నమాట. మరి నెలల తరబడి ఈ ముసలాయన చేత సాసేజీల బెజ్జాలు లెక్కపెట్టించావేం?"

కాజ్ కుర్చీలోంచి లేచాడు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు గానీ అందరికీ వినపడింది.

"నీ మస్కీ వారమంతా తిప్పినా మొహం చూపించదు బావా. పిల్లలు ఏడుస్తూ పోతున్నారు. పోయినవాళ్ళు మళ్ళీ రావట్లేదు. సగం కాటేజీల్లో ఎలకలు తిరుగుతున్నాయి. హిల్మా ఎవరూ పడుకోని పక్కలకి దుప్పట్లు ఉతుకుతోంది. నువ్వు ఒక్కడివి, నీకేం తెలుస్తుంది? వాళ్ళ గాలానికి ఏదో ఒకటి తగలాలి. నది నుంచి నాలుగు పైక్‌లు తెచ్చాను. అంతే. అంత పెద్ద సరస్సు."

"ఎక్కడ వేశావు?"

అతను కిటికీ వైపు చూశాడు.

"కాజ్, ఎక్కడ?"

"బొటనవేలు పాయలో," అన్నాడు. "నాచు బాగుంటుంది కదా. నువ్వే చూపించావు."

నాకు ఆ టోపీ గుర్తొచ్చింది. ఒళ్ళో పెట్టుకున్న టోపీ. ఆ పొద్దున అతను మస్కీలని చూస్తున్నాడో, చోటుని చూస్తున్నాడో ఇప్పుడు చెప్పలేను. రెండూ అయి ఉండొచ్చు.

"ఆవిరిలో అడిగాను నిన్ను," అన్నాను.

కాజ్ కళ్ళు దించాడు. తర్వాత ఎత్తాడు.

"అది మీ వాళ్ళ ఆచారం బావా. నాది కాదు."

ఇన్నేళ్ళు అతను ఆ గదిలో నా పక్కన, నాన్న పక్కన కూర్చున్నాడు. నాన్న ఆఖరి రోజుల్లో అతనే మోసుకెళ్ళి ఆ బల్ల మీద కూర్చోబెట్టి, ఒళ్ళు కడిగాడు. నేను ఆ మాట విని చేప అక్కడే వదిలేసి వచ్చాను. తర్వాత హార్లో మా ఇంటి దాకా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చేపను బెర్నిస్ మంచు పెట్టెలో పెట్టింది, చేపల శాఖ వాళ్ళకి చూపించాలంది అన్నాడు. ఇంకేదో అందామని టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చేపల శాఖ నుంచి ఒకామె వచ్చింది. పొడుగాటి బూట్లు వేసుకుని పాయంతా నడిచి వలలు వేసింది. చిన్న పైక్‌లు చాలా పడ్డాయి. ఆ ఏటి మస్కీ పిల్ల ఒక్కటీ పడలేదు. పూర్తిగా తీసేయలేం, కానీ ఏటా గడ్డ విడవగానే, అవి గుడ్లు పెట్టకముందే వలేసి పట్టుకుంటే తగ్గించొచ్చు అంది. నేను చేస్తానన్నాను. అనుమతి ఇప్పించింది. ఎవరు వేశారని అడిగింది. ఆ సంగతి ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, నన్ను అడక్కండి అన్నాను. అడగలేదు. కాజ్‌కి జరిమానా వేశారని, గైడ్ పని చేయకుండా ఆపారని విన్నాను.

చలికాలం వచ్చింది. ఒక శనివారం హిల్మా మా ఇంటికి వచ్చింది. చేతిలో రై రొట్టె, దాని మీద మడత పెట్టిన తువ్వాలు. గుమ్మంలోనే నిలబడింది. జుట్టు నిండా మంచు.

"ఆవిరి గది వెలిగించాను అన్నయ్యా. రా. ఆయన ఇంట్లో లేడు."

"నీకు తెలుసా?" అన్నాను.

ఆమె రొట్టె వైపు చూసింది.

"ఆయన నదికి పట్టుకెళ్ళి తెచ్చిన పాల క్యాన్లు కడిగింది నేనే. ఎంత తోమినా జిగురు పోలేదు. ఏం తెచ్చావని అడగలేదు. ఆవిరిలో అడిగితే చెప్పేస్తాడేమోనని, అక్కడ అసలే అడగలేదు."

నా కళ్ళని గురించి బార్‌లో నవ్వుతుంటే ఆమెకి తెలుసు. నేను ఎరల పెట్టె ఇస్తుంటే ఆమె అక్కడే ఉంది, కాఫీ పోస్తూ. నేను పడవ పని మానేశానని చెబితే, పోనీలే అన్నయ్యా, విశ్రాంతి తీసుకో అన్నది ఆమే.

రొట్టె తీసుకున్నాను. తువ్వాలు ఆమె చేతికి తిరిగి ఇచ్చేశాను. ఆమె దాన్ని గుండెకి ఆనించుకుని మెట్లు దిగింది. మంచులో ఆమె అడుగులు రేవు దాకా కనిపించాయి. ఆ సాయంత్రం వాళ్ళ ఆవిరి గది పొగ గొట్టంలోంచి పొగ చాలాసేపు లేచింది. లోపల ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు.

ఏప్రిల్‌లో గడ్డ నల్లబడి విడిపోయింది. బొటనవేలు పాయకి అడ్డంగా వల కట్టాను. మంచు ముక్కలు ఇంకా తేలుతున్నాయి. వేళ్ళు కొంకర్లు పోయేవి. పడిన పైక్‌లని కోసి, వెనిగర్లో, ఉల్లిపాయతో సీసాల్లో ఊరబెట్టి ఊళ్ళో పంచాను. ఆ సన్న ముళ్ళు వెనిగర్లో కరుగుతాయి. హార్లో తన సీసా బార్‌లోనే తెరిచి తిన్నాడు. బాగుందన్నాడు. ఇప్పుడు సాసేజీలు ఎవరూ పైకెత్తడం లేదు. మరో వసంతానికి వలలో ఇంకో పెద్దది పడింది. కుడి రెక్క లేదు. ఇంకా రెండు ఉండాలి, అతను చెప్పింది నిజమైతే. నాలుగే అన్న మాట నేను నమ్మానో లేదో నాకే తెలియదు.

ఆ ఏడు జూన్‌లో ఒక సాయంత్రం నాన్న చెక్కిన ఆ ఎరతో పాయ బయట గాలం విసిరాను. చివరి విసురులో దాని వెనకాల పొడవాటి నీడ వచ్చింది. పడవ పక్కన ఆగింది. కర్ర కొస ముంచి ఎనిమిది గీశాను. మళ్ళీ గీశాను. వెళ్ళిపోతుందనుకుంటుండగా తిరిగి వచ్చి పట్టుకుంది. చాలాసేపు పోరాడింది. వలలోకి తీసి తిరగేశాను. ఒక పక్క ఏడు. రెండో పక్క ఏడు. పొట్ట కింద రెండు రెక్కలూ ఉన్నాయి. ఇంతకు ముందు ఎవరి చేతికీ రాని మస్కీ.

నీళ్ళలోకి దించి తోక పట్టుకుని, ఊపిరి తీసుకునేదాకా ముందుకీ వెనక్కీ కదిపాను. కుడి చేయి మొలలోకి పోయింది. కత్తి పిడి తగిలింది.

ఎడమ రెక్క కోస్తే ఇది నాది అని ఎవరు గుర్తుపట్టాలి? ఇది నీదా నాదా అని ఎవరితో పందెం కాయాలి?

కత్తి తీయలేదు. చేప నా చేతిలోంచి మెల్లగా కదిలి, రెండు రెక్కలతో లోతుకి పోయింది.